‘80 శాతం కాలిన గాయాలు’ అంటే అసలు అర్థమేంటి? స్క్రోలింగ్‌లో వచ్చే ఆ అంకె చెప్పని సంగతులు

పేలుడు జరిగిన కాసేపటికే స్క్రీన్ మీద ఓ అంకె వచ్చేస్తుంది. ‘80 శాతం కాలిన గాయాలతో ఒకరు, 60 శాతం గాయాలతో మరొకరు.. పరిస్థితి విషమం’. ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలినా, వంటింట్లో సిలిండర్ లీకైనా ఇదే లైను. మరి ఆ శాతాన్ని ఎవరు లెక్కేస్తారు? ఎలా లెక్కేస్తారు? 80 శాతం అని చెప్పిన మనిషి ఆస్పత్రి బెడ్ మీద స్పష్టంగా మాట్లాడి, మూడో రోజుకు ఎందుకు చనిపోతాడు? 20 శాతమే కదా అనుకున్న వ్యక్తి ఎందుకు కోలుకోలేడు? బాధితుల కుటుంబాలు ఆస్పత్రి వరండాలో పదే పదే అడిగే ప్రశ్నలివి. జవాబు ఆ ఒక్క అంకెలో దొరకదు.

2025లో తెలుగు రాష్ట్రాలను కుదిపేసిన మూడు ఘటనలే తీసుకుందాం. మే 18న హైదరాబాద్ పాతబస్తీ గుల్జార్ హౌజ్‌లో ఓ ఇంట్లో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని ఫార్మా యూనిట్‌లో భారీ పేలుడు జరిగింది. ఆచూకీ దొరకని 8 మందితో కలిపి 50 మందికి పైగా బలయ్యారు. అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు, రోడ్డు మీద పడి ఉన్న బైక్‌ను ఈడ్చుకెళ్లింది. మంటలు అంటుకుని 19 మంది ప్రయాణికులు సజీవ దహనమయ్యారు. మూడూ వార్తల్లో ‘అగ్నిప్రమాదాలే’. కానీ డాక్టర్ల కళ్లతో చూస్తే మూడూ వేర్వేరు. గుల్జార్ హౌజ్‌లో ఎక్కువ మంది ప్రాణాలు తీసింది మంట కాదు, పొగ. పాశమైలారంలో పేలుడు ధాటి, కూలిన భవనం, మంట మూడూ కలిశాయి. చిన్నటేకూరులో చాలామందిని గుర్తుపట్టడానికి డీఎన్ఏ పరీక్షలే దిక్కయ్యాయి.

శాతం లెక్క ఎలా వేస్తారు?

శాతం అంటే శరీరం మొత్తం చర్మంలో ఎంత భాగం కాలిందన్న లెక్క. గాయం ఎంత లోతుకు దిగిందన్నది ఇందులో ఉండదు. చాలామంది పొరపడేది ఇక్కడే.

క్యాజువాలిటీలో డాక్టర్లు వాడేది ‘తొమ్మిదుల లెక్క’. పెద్దవాళ్లలో తల, మెడ కలిపి 9 శాతం. ఒక్కో చెయ్యి 9. ఛాతీ, పొట్ట ముందు భాగం 18, వీపు వైపు 18. ఒక్కో కాలు 18. మర్మాంగాల దగ్గర 1. అన్నీ కలిపితే 100. చిన్న చిన్న మచ్చల్లా అక్కడక్కడ కాలితే ఇంకో సులువైన కొలత ఉంది. బాధితుడి సొంత అరచేయి, వేళ్లతో సహా, దాదాపు 1 శాతం. గమనించాల్సింది ఏంటంటే.. అది బాధితుడి చెయ్యి, డాక్టర్ చెయ్యి కాదు.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క మారిపోతుంది. ఏడాది బిడ్డకు తల పెద్దది, కాళ్లు చిన్నవి. తలకే 18 శాతం, ఒక్కో కాలికి 14 శాతం వరకు వేస్తారు. వేడి పాల గిన్నె మీద పడి ముఖం, ఛాతీ కాలిన పసిబిడ్డకు పెద్దవాళ్ల లెక్క వాడితే గాయాన్ని బాగా తక్కువ చేసి చూసినట్టే.

ఇంకో ముఖ్యమైన మెలిక. ఎండకు కందినట్టు కేవలం ఎర్రబడిన చర్మాన్ని ఈ శాతంలో కలపకూడదు. హడావుడిగా లెక్కేసినప్పుడు దాన్నీ కలిపేస్తుంటారు. అందుకే ఉదయం 70 అన్న అంకె సాయంత్రానికి 50 అవుతుంది, ఒక్కోసారి తిరగబడుతుంది కూడా. ఎవరో అబద్ధం చెప్పారని కాదు, మసి, దుమ్ము కడిగాకే అసలు గాయం కనిపిస్తుంది.

నొప్పి లేదంటే సంతోషించాల్సిన పని లేదు

లోతు విషయానికి వద్దాం. ‘ఫస్ట్ డిగ్రీ’ అంటే పెద్దది అనుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి అది అన్నిటికంటే చిన్నది. పై పొర మాత్రమే దెబ్బతింటుంది. ఎర్రబడుతుంది, మంట పుడుతుంది, వారంలోపు మానిపోతుంది, మచ్చ కూడా మిగలదు.

సెకండ్ డిగ్రీలో బొబ్బలు వస్తాయి. ఇందులోనే రెండు రకాలు. పైపైన ఉన్నదైతే గులాబీ రంగులో తడిగా ఉంటుంది, ముట్టుకుంటే ప్రాణం పోయినంత నొప్పి. రెండు మూడు వారాల్లో మానుతుంది. లోతుగా దిగినదైతే చర్మం పాలిపోతుంది, నొప్పి తగ్గుతుంది, మూడు వారాలు దాటినా మానదు. మానినా గట్టి మచ్చ కడుతుంది. థర్డ్ డిగ్రీలో చర్మం మొత్తం మందాన కాలిపోతుంది. తెల్లగానో, గోధుమ రంగులోనో, నల్లగానో తోలులా బిగుసుకుపోతుంది. అక్కడ గుచ్చినా తెలియదు, ఎందుకంటే నొప్పిని మోసే నరాల చివర్లే కాలిపోయాయి. ఆ చోట చర్మం తనంతట తాను తిరిగి రాదు. వేరే చోటి నుంచి తెచ్చి అతికించాల్సిందే. ఇంకా లోతుగా కండరం, ఎముక దాకా వెళ్తే అవయవం తీసేయాల్సిన పరిస్థితి.

‘నొప్పి లేదంటున్నాడు, పర్లేదులే’ అన్న మాట అందుకే ప్రమాదకరం. నొప్పితో అరుస్తున్న వ్యక్తి కంటే, కాలిన చెయ్యి చాచి ప్రశాంతంగా కూర్చున్న వ్యక్తి గాయమే ఎక్కువ లోతుగా ఉండొచ్చు.

పైగా మొదటి రోజు చూసిన లోతు చివరిదాకా అలాగే ఉండదు. గాయం మధ్యలో పూర్తిగా చచ్చిపోయిన కణజాలం ఉంటుంది. దాని చుట్టూ రక్తప్రసరణ మందగించి, బతుకుతుందో చస్తుందో తేలని ఒక పట్టీ ఉంటుంది. రెండు మూడు రోజుల్లో ఆ పట్టీ ఎటు వాలుతుందన్న దాన్ని బట్టి సెకండ్ డిగ్రీ గాయం థర్డ్ డిగ్రీగా మారుతుంది, లేదా తేరుకుంటుంది. శరీరంలో నీరు తగ్గినా, ఇన్ఫెక్షన్ సోకినా అది చావు వైపే వాలుతుంది. వెంటనే చల్లటి నీళ్లు పోయమని చెప్పేది ఆ పట్టీని కాపాడటానికే.

మాట్లాడిన మనిషి మూడో రోజు ఎందుకు పోతాడు?

చర్మం ఒంటికి కప్పిన దుప్పటి మాత్రమే కాదు, ఒంట్లో నీటిని పట్టి ఉంచే గోడ కూడా. ఆ గోడ కూలితే రక్తనాళాల్లోని ద్రవం బయటికి కారిపోతుంది. పెద్దవాళ్లలో 15 నుంచి 20 శాతం, పిల్లల్లో 10 శాతం దాటిందంటే నోటితో తాగే నీళ్లు సరిపోవు. సెలైన్ ఎక్కించాల్సిందే.

ఎంత? దీనికీ ఓ లెక్క ఉంది. మొదటి 24 గంటల్లో ఒక్కో కిలో బరువుకు, ఒక్కో శాతం గాయానికి 2 నుంచి 4 మిల్లీలీటర్లు. 60 కిలోల మనిషికి 40 శాతం కాలిందనుకోండి. తక్కువలో తక్కువ 4.8 లీటర్లు, ఎక్కువైతే 9.6 లీటర్లు. అందులో సగం మొదటి 8 గంటల్లోనే వెళ్లాలి. ఇక్కడ గడియారం మొదలయ్యేది ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి కాదు, కాలిన క్షణం నుంచి. మండల కేంద్రం నుంచి జిల్లా ఆస్పత్రికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కో విశాఖకో ‘రెఫర్’ చేస్తూ పోతే దారిలోనే ఆ 8 గంటలు కరిగిపోతాయి. రెఫర్ చేశారా లేదా అన్నది కాదు, సెలైన్ పెట్టి పంపారా, దారిలో మూత్రం ఎంత వచ్చిందో చూస్తూ తీసుకెళ్లారా అన్నదే అసలు ప్రశ్న. ప్రమాదాల మీద జరిగే విచారణల్లో ఈ ప్రశ్న పెద్దగా వినిపించదు.

తొలి గంటల్లో మెదడుకు రక్తం అందుతూనే ఉంటుంది కాబట్టి మనిషి స్పృహలో ఉంటాడు. పేర్లు చెబుతాడు, పిల్లలను అడుగుతాడు. ఆ తర్వాత షాక్, కిడ్నీల వైఫల్యం. దాన్నీ దాటితే ఇన్ఫెక్షన్. గోడ లేని ఇంట్లోకి ఎవరైనా రావచ్చన్నట్టు, చర్మం లేని ఒంట్లోకి బ్యాక్టీరియా చొరబడుతుంది. పెద్ద గాయాల్లో రోజుల తర్వాత వచ్చే మరణాలకు ప్రధాన కారణం ఇదే.

వయసునూ కలుపుకోవాలి. వయసు, కాలిన శాతం కూడితే వచ్చే మొత్తాన్ని బట్టి ప్రాణాపాయాన్ని అంచనా వేసే పద్ధతి 1961 నుంచీ ఉంది. పొగ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతింటే దానికి ఇంకో 17 కలుపుతారు. ఆ మొత్తం 100 దాటితే ఒకప్పుడు ఆశ వదులుకునేవారు. మంచి బర్న్స్ కేంద్రాల్లో ఇప్పుడు ఆ గీత చాలా పైకి జరిగింది. లెక్క మాత్రం సూటిగానే ఉంటుంది: 70 ఏళ్ల పెద్దాయనకు 30 శాతం కాలినా, 25 ఏళ్ల కుర్రాడికి 75 శాతం కాలినా మొత్తం ఒక్కటే. టీవీలో 30 అన్న అంకె చూసి ‘బయటపడతాడులే’ అనుకోవడం ఎంత తప్పో దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఒంటి మీద మచ్చ లేకుండా చంపేది

గుల్జార్ హౌజ్ చెప్పింది ఇదే. మూసి ఉన్న ఇరుకు ఇంట్లో పొగ నిండితే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని ఆక్సిజన్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. ఫోమ్ పరుపులు, ప్లాస్టిక్, సింథటిక్ సామాన్లు కాలితే సైనైడ్ వాయువూ వస్తుంది. మనిషి నిద్రలోనే స్పృహ తప్పుతాడు. బయటికి తెచ్చినవాళ్లలోనూ గొంతు బొంగురు పోవడం, ముక్కు వెంట్రుకలు కాలడం, కఫంలో మసి కనిపిస్తే అది పెద్ద హెచ్చరిక. లోపల వాపు గంటల్లో పెరిగి శ్వాసనాళం మూసుకుపోతుంది. అందుకే మాట్లాడుతున్న మనిషికి కూడా డాక్టర్లు ముందుగానే గొట్టం వేస్తారు. ‘బాగానే ఉన్నవాణ్ని వెంటిలేటర్ మీద పెట్టేశారు’ అని బంధువులు గొడవకు దిగే సందర్భాల్లో కొన్నింటి వెనుక ఉన్నది ఈ కారణమే.

కరెంటు గాయాలు దీనికి చెల్లెలి లాంటివి. బయట రెండు రూపాయి బిళ్లలంత మచ్చలు, లోపల మోచేయి నుంచి భుజం దాకా ఉడికిపోయిన కండరం. శాతం లెక్కేస్తే 2 కూడా రాదు. కానీ చెయ్యి తీసేయాల్సి రావచ్చు, గుండె లయ తప్పవచ్చు, కండరం కరిగి మూత్రం నల్లగా వచ్చి కిడ్నీలు ఆగిపోవచ్చు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తీగ తగిలి ఐదుగురు చనిపోయారు. పొలాల్లో మోటారు స్టార్టర్లు, డాబాల మీదుగా వెళ్లే 11 కేవీ లైన్లు, వాటికి తగిలే ఇనుప చువ్వలు.. ఊళ్లలో ఇది ఏడాది పొడవునా నడిచే ప్రమాదం. షాక్ కొట్టిన మనిషి లేచి నడిచినా సరే, ఈసీజీ తీయించకుండా ఇంటికి పంపకూడదు.

రసాయనాల సంగతి మరోలా ఉంటుంది. యాసిడ్ పడితే చర్మం గడ్డకట్టినట్టయి, ఆ గట్టి పొరే కొంతవరకు అడ్డు నిలుస్తుంది. క్షారాలు అంటే కాస్టిక్ సోడా, సున్నం లాంటివి చర్మాన్ని కరిగించుకుంటూ లోపలికి పోతూనే ఉంటాయి. సున్నం కంట్లో పడితే చూపు పోయేది ఇందుకే. పొడి సున్నమైతే ముందు దులిపి, తర్వాత ధారగా నీళ్లు పోయాలి. కొన్ని పరిశ్రమల్లో వాడే హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అయితే ఇంకా మోసకారి. గాయం చిన్నదే, కానీ ఒంట్లోని కాల్షియాన్ని లాగేసి గుండెను ఆపగలదు. దానికి విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ జెల్. ఆ యాసిడ్ వాడే షెడ్డులో ఆ జెల్ ట్యూబు ఉందో లేదో చూడటం భద్రతా తనిఖీలో మొదటి పనిగా ఉండాలి.

యాసిడ్ దాడుల మీద 2008 వరంగల్ ఘటన నాటి ఆగ్రహం తెలుగువాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2013లో చట్టంలో ప్రత్యేక సెక్షన్లు వచ్చాయి, ఇప్పుడవి భారతీయ న్యాయ సంహిత 124గా ఉన్నాయి. అదే ఏడాది సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాలకు ఆంక్షలు పెట్టి, బాధితులకు కనీసం 3 లక్షల పరిహారం ఇవ్వాలంది. కౌంటర్ మీద యాసిడ్ సీసా గుర్తింపు కార్డు అడగకుండా దొరికినంత కాలం ఆ ఆదేశం కాగితం మీదిదే.

వంటింటి లెక్కలు.. పోలీసు లెక్కలు

పెద్ద పేలుళ్లు వార్త అవుతాయి. మామూలుగా కాలేది మాత్రం వంటింట్లో, స్నానాల గదిలో. 60 డిగ్రీల వేడి నీళ్లు ఐదు సెకన్లలోపే పెద్దవాళ్ల చర్మాన్ని లోతుగా కాల్చగలవు. 70 డిగ్రీలైతే ఒక్క సెకను చాలు. పిల్లల చర్మం పలుచన కాబట్టి ఇంకా త్వరగా. పొయ్యి మీద నుంచి దించిన సాంబారు, గంజి దాదాపు మరుగుతున్న వేడి మీదే ఉంటాయి. హీటర్ పెట్టిన బకెట్, నేల మీద దించిన గంగాళం చుట్టూ పిల్లలు ఆడుకోవడం మన ఇళ్లలో, హాస్టళ్లలో రోజూ కనిపించే దృశ్యమే.

ఇక ఆడవాళ్ల విషయం. ‘స్టవ్ పేలి’ అన్న రెండు మాటల వెనుక ఎన్ని నిజాలు దాగాయో ఎవరూ తేల్చలేదు. 2009లో ద లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, 2001లో మన దేశంలో మంటల వల్ల చనిపోయినవారు 1,63,000కు పైనే. అందులో సుమారు 1,06,000 మంది మహిళలు, ఎక్కువగా 15 నుంచి 34 ఏళ్ల మధ్యవారు. పోలీసు రికార్డుల కంటే ఇది దాదాపు ఆరు రెట్లు. వంటగ్యాస్ పెరిగి కిరోసిన్ తగ్గాక పరిస్థితి మారింది నిజమే. కానీ వంట అందరు ఆడవాళ్లూ చేస్తున్నప్పుడు, చనిపోయినవాళ్లలో పెళ్లీడు, కొత్త కాపురం వయసువాళ్లే ఎందుకు ఎక్కువ? దాన్ని ఒక్క స్టవ్ మీదే తోసేయడం కుదరదు.

ముందు చెప్పుకున్న ‘మాట్లాడే గంటలు’ ఇక్కడ న్యాయపరంగా కీలకం. మరణ వాంగ్మూలం తీసుకోవాల్సింది అప్పుడే. కాలిన శాతం ఎంత ఉన్నా, చెప్పే స్థితిలో ఉందా అన్నదే కోర్టు చూస్తుంది. 2002లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఓ అడుగు ముందుకేసి, వాంగ్మూలం తీసుకున్న మెజిస్ట్రేట్‌కు నమ్మకం కుదిరితే డాక్టర్ సర్టిఫికెట్ లేదన్న ఒక్క కారణంతో దాన్ని పక్కన పెట్టనక్కర్లేదని చెప్పింది. ‘90 శాతం కాలింది కదా, ఇంకేం చెబుతుంది’ అని మెజిస్ట్రేట్‌ను పిలవడంలో ఆలస్యం చేస్తే కేసు అక్కడే సగం పోయినట్టు.

పేస్టు కాదు, పసుపు కాదు, 20 నిమిషాల నీళ్లు

కాలిన చోట టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు, కోడిగుడ్డు సొన రాసి తీసుకురావడం నేటికీ ఆగలేదు. ఇవి వేడిని లోపలే బిగిస్తాయి, గాయం లోతు కనిపించకుండా చేస్తాయి, ఆస్పత్రిలో వాటిని గీకి తీయడం బాధితుడికి రెండో నరకం. ఐస్ కూడా వద్దు, రక్తనాళాలు ముడుచుకుపోతాయి. చేయాల్సింది ఒక్కటే: మామూలు కుళాయి నీళ్లు ధారగా 20 నిమిషాలు. వెంటనే కుదరకపోతే మూడు గంటల్లోపు పోసినా ఉపయోగం ఉంటుంది. ఉంగరాలు, గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసేయాలి. ఒంటికి అతుక్కుపోయిన నైలాన్ బట్టను మాత్రం పీకకూడదు. ఒంట్లో చాలా భాగం కాలితే, ముఖ్యంగా పిల్లల్లో, అదే పనిగా నీళ్లు పోస్తే ఒళ్లు చల్లబడిపోయే ప్రమాదం ఉంది. గాయాన్ని చల్లబరుస్తూనే మిగతా ఒంటిని పొడి దుప్పటితో కప్పి 108కు ఫోన్ చేయాలి.

ఆస్పత్రి దాటాక కథ అయిపోదు. మెడ, చంక, వేళ్ల దగ్గర మానిన చర్మం బిగుసుకుపోయి గడ్డం ఛాతీకి అతుక్కుపోవడం, చెయ్యి పైకి లేవకపోవడం చూస్తూనే ఉంటాం. నెలల తరబడి బిగుతు బట్టలు, రోజూ ఫిజియోథెరపీ లేకపోతే ఎంత మంచి ఆపరేషనైనా వృథా. పరిహారం ప్రకటించేటప్పుడు ‘మృతులకు ఇంత, క్షతగాత్రులకు ఇంత’ అని రెండే గీతలు గీస్తారు. చెయ్యి వంకర పోయి ఫ్యాక్టరీ పనికి పనికిరాకుండా పోయిన 28 ఏళ్ల వలస కార్మికుడు ఆ రెండో గీతలో ఇమడడు.

సగానికి పైగా ఒళ్లు కాలినవారికి అతికించడానికి సొంత చర్మమే మిగలదు. అప్పుడు ఆదుకునేది దానం చేసిన చర్మం. అది శాశ్వతంగా అంటుకోదు. కానీ కొన్ని వారాల పాటు ద్రవం కారకుండా, ఇన్ఫెక్షన్ సోకకుండా తాత్కాలిక గోడలా నిలుస్తుంది, ఆలోగా మిగిలిన కొద్దిపాటి సొంత చర్మం తిరిగి పెరుగుతుంది. హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో 2021లో స్కిన్ బ్యాంక్ మొదలైంది. మనిషి చనిపోయిన 6 గంటల్లోపు తొడలు, కాళ్లు, వీపు నుంచి పైపొరను మాత్రమే పలుచగా తీస్తారు. రక్తం పెద్దగా రాదు, ముఖం ముట్టుకోరు, బట్ట కప్పాక తేడా కనిపించదు. బ్లడ్ గ్రూప్ కలవాల్సిన పని లేదు. 18 ఏళ్లు నిండిన ఎవరి చర్మమైనా, హెచ్ఐవీ, హెపటైటిస్, చర్మ క్యాన్సర్ లాంటివి లేకపోతే పనికొస్తుంది. గ్లిజరాల్‌లో ఉంచితే ఐదేళ్ల దాకా నిల్వ ఉంటుంది. కళ్లు ఇస్తామని రాసిచ్చే ఇళ్లలో చర్మం మాట ఎత్తేవాళ్లు తక్కువ. చనిపోయాక ఆ ఆరు గంటల్లో ఫోన్ చేయాల్సింది ఇంట్లోవాళ్లే.